నూనెడబ్బా పట్టిన యింజనీరు: ఎలైజా మెకాయి చరిత్రము

రాజుల చరిత్రములును సేనానుల చరిత్రములును మన పాఠ్యపుస్తకములయందు విరివిగా గలవు. పెనుకొండ కోటను జూచిన బాలుడు విజయనగర రాజుల పేరులను తడుముకొనక చెప్పగలడు. కాని యా కొండ ప్రక్కగా సాగిపోవు రైలుబండి యంత్రము అరిగిపోక తిరుగుటకు తోడ్పడినవా రెవరని యడిగినచో నూరకుండును. చక్రమును మొదట గల్పించినవాని పేరే లోక మెఱుగదు. ఆ చక్రమునకు వేళకు నూనె నందించు నుపాయము పన్నినవానిని ఇక నెవరు తలంతురు? అట్టివా డొకడు అమెరికాదేశమున నుండెను. ఆయన పేరు ఎలైజా మెకాయి. ఆయన గతించి తొంబది యేండ్లకు మించినది. ఆ మహనీయుని జీవితమును ఈ సంచికయందు సంగ్రహముగా జెప్పదలచితిమి.

ఇప్పు డీ చరిత్రమును జెప్పుటకు మాకొక సమీపకారణము గలదు. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మన మూడు పట్టణములయందును నేడు వీధివీధిని స్కూటర్లు కానవచ్చుచున్నవి. ధర్మవరమున నేతగాడు పట్టుచీరల మూటను స్కూటరుమీదనే దుకాణమునకు జేర్చును. హిందూపురపు సంతలో బెల్లము, చింతపండు బేరమాడు చిన్నవర్తకుడు స్కూటరుమీదనే తెల్లవారుజామున బయలుదేరును. ఉపాధ్యాయుడు స్కూటరుమీదనే బడికి బోవును. క్రొత్తబండి కొన్నవారెల్లరును అడుగు ప్రశ్న యొకటి గలదు. ఇంజనులోని ఆయిలును మొదటిసారి యెప్పుడు మార్చవలెను? బండియు క్రొత్తదే, ఆయిలును క్రొత్తదే, అప్పుడే మార్చుట యేల? ఈ ప్రశ్నకు అంకె యొకటి చెప్పి యూరకొన్నచో వినినవాడు మఱుచటి వారమే మఱచును. నూనె చేయు పని యేమో, దానికొఱకు మనుష్యు లెంత శ్రమపడిరో తెలిసినచో మఱవడు. కావున ముందు మెకాయి కథను జెప్పి, పిదప స్కూటరు సంగతికి వత్తుము.

జననము, బాల్యము

మెకాయి 1844వ సంవత్సరమున, నేడు కెనడాదేశమున ఒంటారియో రాష్ట్రమనబడు ప్రాంతములో, కోల్చెస్టరు అనుచోట జనించెను. తండ్రి పేరు జార్జి, తల్లి పేరు మిల్డ్రెడ్. వీరిరువురును అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున బానిసలుగా నుండినవారు. ఆ కాలమున అచటి దక్షిణరాష్ట్రములయందు నల్లజాతివారిని సంతలో పశువులనువలె అమ్ముచు గొనుచుండిరి. తల్లి యొకచోటికిని, బిడ్డ యింకొకచోటికిని అమ్ముడుపోవుటయు గలదు. బానిసకు చదువు చెప్పుట పలుచోట్ల నేరముగా నెంచబడుచుండెను.

ఆ దంపతులు ప్రాణములకు దెగించి పారిపోయిరి. పారిపోవు బానిసలకు తోడ్పడుటకై ఆ దినములలో నొక రహస్యపు మార్గము గలదు. దానిని భూగర్భపు రైలుదారి యని పిలుచుచుండిరి. నిజమునకు అది భూమిక్రింద లేదు, దానికి పట్టాలును లేవు. దయగల తెల్లవారును, స్వేచ్ఛ నొందిన నల్లవారును కలసి, పారిపోయి వచ్చినవారిని పగటివేళ నింట దాచి, రాత్రివేళ మఱియొక యింటికి దాటించుచుండిరి. అట్లు దాటి దాటి ఉత్తరమున కెనడాను జేరినచో బానిసత్వము తొలగును. ఏలయన బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము 1834లోనే రద్దయి యుండెను. పట్టాలు లేని యా రైలుదారిని నడచి బ్రదికిన తలిదండ్రుల కుమారుడు, పట్టాలుగల రైలుదారికి మేలు చేసినవాడగుట చరిత్రలోని చిత్రములలో నొకటి.

కొంతకాలమునకు ఆ కుటుంబము కెనడానుండి మరల వచ్చి, అమెరికాలోని మిషిగను రాష్ట్రమున ఇప్సిలాంటి యను పట్టణములో స్థిరపడెను. బాలుడైన ఎలైజాకు పనిముట్లనిన మిక్కిలి ప్రీతి. చేతికి దొరకిన యంత్రమును విప్పి చూచి, మరల గూర్చు చుండెడివాడని చెప్పుదురు. తలిదండ్రు లాతని బుద్ధిని గనిపెట్టిరి. కాని నల్లజాతి బాలునకు ఇంజనీరు విద్య నేర్పు తావు అమెరికాలో దొరకుట దుర్లభము. కావున 1859లో, పదునైదేండ్ల ప్రాయమున, వారాతనిని అట్లాంటికు సముద్రము దాటించి, స్కాట్లండులోని ఎడింబరో నగరమునకు బంపిరి. చేతిలో చిల్లిగవ్వ లేక పారిపోయి వచ్చిన దంపతులు బిడ్డను అంత దూరము చదువునకు బంపుట సామాన్యమైన సాహసము గాదు. ఎలైజా అచట యంత్రశాస్త్రమును చేతిపనితోపాటు అభ్యసించి, మెకానికల్ ఇంజనీరుగా యోగ్యతను బడసెను.

బొగ్గుపార, నూనెడబ్బా

ఆయన విద్య ముగించి తిరిగివచ్చునప్పటికి అమెరికాలో అంతర్యుద్ధము జరిగి ముగిసినది. 1865లో రాజ్యాంగసవరణముచేత బానిసత్వము దేశమంతట రద్దయినది. చట్టము మారెనుగాని మనుష్యుల మనస్సు మారలేదు. ఎడింబరోలో జదివిన యింజనీరునకు ఇంజనీరు ఉద్యోగము నిచ్చువారు లేకపోయిరి. తుదకు మిషిగన్ సెంట్రల్ రైల్వేలో నొక కొలువు దొరకెను. అది యేమన, ఇంజనులోని పొయ్యికి పారతో బొగ్గు వేయుటయు, యంత్రభాగములకు నూనె పోయుటయు.

ఇచ్చట చదువరులు క్షణకాల మాగి తలపోయవలెను. యంత్రమును రూపొందించు విద్య నేర్చినవాని చేతికి పారయు, నూనెడబ్బాయు నిచ్చిరి. ఇతరుడైనచో అవమానముచేత గ్రుంగిపోవును, లేదా పనిని అసహ్యించుకొని యెట్లో రోజులు గడుపును. మెకాయి యట్లు చేయలేదు. తనకిచ్చిన తక్కువపనిని ఎక్కువ బుద్ధితో జూచెను.

ఆ కాలపు ఆవిరియింజను సంగతి కొంత తెలియవలెను. దానియందు పిస్టను అను లోహపు దిమ్మ సిలిండరులో ముందునకును వెనుకకును రాపాడుచుండును. ఇరుసులు బేరింగులలో దిరుగుచుండును. లోహము లోహముతో రాచుకొన్నచో వేడిమి పుట్టును, అరుగుదల కలుగును, తుదకు ఒండొంటికి అంటుకొని బిగిసిపోవును. కావున నడుమ నూనె యుండవలెను. కాని మండుచున్న యావిరి యా నూనెను నిలువనీయక కొట్టుకొని పోవును. అందుచేత బండిని మాటిమాటికి నిలిపి, నూనెవాడు దిగి, భాగము భాగమునకు నూనె పోసి, మరల నెక్కవలసి యుండెను. నడుచుచున్న యింజనుమీద ప్రాకుచు నూనె పోయుటలో ప్రాణాపాయమును గలదు. బండి నిలిచినంతసేపు వ్యాపారము నిలుచును. నిలుపక పోయినచో యంత్రము చెడును.

మన ప్రాంతపు పెద్దలకు ఈ చిక్కు క్రొత్తది గాదు. ఎద్దులబండి కాలమున ఇరుసునకు కందెన పెట్టక బండివాడు దూరప్రయాణమునకు బయలుదేరెడివాడు కాడు. ఇరుసు కీచుమని మొఱపెట్టినచో నడిదారిని నిలిపి కందెన పెట్టెడివాడు. మన దేశమున రైళ్లకు గూడ నొకకాలమున ఆముదమును కందెనగా వాడియుండిరి. గుంతకల్లు, ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరికి బోవు దారిని ఆవిరియింజనులు నడచిన కాలమున, స్టేషనులో బండి నిలువగానే నూనెడబ్బాను బుచ్చుకొని చక్రముల నడుమ వంగిన మనిషిని జూచిన వృద్ధులు నేటికిని గలరు. ఆవిరియింజనులు 20వ శతాబ్ది ముగియు కాలమునకు మన దారులనుండి తొలగిపోయినవి.

స్వయముగా నూనె నందించు గిన్నె

మెకాయి యూహ యిది. ఇంజను నడచుచున్నప్పుడే నూనె కావలయును. నడపునది ఆవిరి. అట్లయినచో నా యావిరియే నూనెను గూడ నేల పోయగూడదు? ఆయన ఇప్సిలాంటిలో చిన్న పనిశాలను బెట్టుకొని, నూనె నిలువయుండు గిన్నె నొకదానిని గల్పించెను. ఆవిరి యొత్తిడి కలిగినప్పుడు కవాటము తెఱచుకొని, గిన్నెలోని నూనె కావలసిన చోటికి కొలతగా జారును. బండిని నిలుప బనిలేదు, మనిషి ప్రాకబనిలేదు. ఈ సాధనమునకు 1872వ సంవత్సరము జులై 23వ తేదీని ఆయనకు అమెరికా ప్రభుత్వమువారు 129843వ సంఖ్యగల పేటెంటు నొసంగిరి.

సత్యమును దాచక చెప్పవలెను. స్వయముగా నూనె నందించు సాధనమును లోకమున మొట్టమొదట గల్పించినవాడు మెకాయి యని కొందఱు వ్రాయుదురు. అది సరికాదు. ఇంగ్లండులో జాన్ రామ్స్‌బాటమ్ అను రైల్వే యింజనీరు 1860లోనే అట్టి సాధన మొకటి చేసియుండెను. మెకాయి గొప్పతనము మొదటివాడగుటలో లేదు. ఉన్నదానితో తృప్తిపడక, ఇంజనులు మాఱినకొలది తన సాధనమును మార్చుచు, ఏబదియేండ్లకు దగ్గఱగా ఆ యొక్క సమస్యనే విడువక పట్టుకొనుటలో నున్నది. ఆయన సాధనములను అనేక రైల్వేలవారును ఓడలవారును గొని వాడిరి. 1882లో ఆయన డెట్రాయిటు నగరమునకు నివాసమును మార్చి, రైల్వేలకు సలహాదారుగా నుండెను.

తరువాతికాలమున ఇంజనులలో మిక్కిలి వేడిగల యావిరిని వాడసాగిరి. ఆ వేడికి మామూలు నూనె నిలువలేదు. అప్పుడు మెకాయి నూనెలో గ్రాఫైటుపొడిని గలిపి యందించు సాధనమును బన్ని, 1915లో పేటెంటు బడసెను. అప్పటికి ఆయనకు డెబ్బది దాటినవి. మొత్తముమీద ఆయన పేరిట 57 పేటెంట్లు గలవు. వానిలో ననేకము నూనెకు సంబంధించినవే. గృహిణులు బట్టల నిస్త్రీ చేయుటకై మడువ వీలగు బల్లయు, పచ్చికకు నీరు చల్లు సాధనమును గూడ నందు గలవు.

గృహజీవనము, అవసానము

మొదటి భార్య ఆన్ ఎలిజబెత్ 1872లో మరణింపగా, మఱుచటి యేట మెకాయి మేరీ ఎలెనోరా డెలానీ యను నామెను వివాహమాడెను. ఆమె సామాన్య గృహిణి గాదు. డెట్రాయిటులో నల్లజాతి స్త్రీల సంఘములను నెలకొల్పి నడపినది. దిక్కులేని వృద్ధస్త్రీలకై 1898లో ఫిల్లిస్ వీట్లీ పేర వెలసిన యాశ్రమమునకు దోడ్పడినవారిలో నామె యొకతె.

మెకాయి కల్పనలచేత ధనము పుట్టెను, కాని దానిలో నెక్కువభాగ మాయనకు దక్కలేదు. క్రొత్త ప్రయోగములకు పెట్టుబడి లేక, తన పేటెంట్లలోని హక్కులను ఇతరులకు విక్రయించుచు వచ్చెను. సాధనములపై నాయన పేరు గల కర్మాగారము వెలయుటకు 1920 వఱకు ఆగవలసివచ్చెను. అప్పటికి వయస్సు డెబ్బదియాఱు. రెండేండ్లకు, 1922లో, ఆలుమగ లిరువురును మోటారు ప్రమాదమున గాయపడిరి. ఆ గాయములనుండి కోలుకొనక మేరీ 1923లో గతించెను. మెకాయియు నప్పటినుండి క్షీణించుచు, ధనమును ఆరోగ్యమును గోల్పోయి, డెట్రాయిటు చెంతనున్న ఎలోయిజ్ అను ఆసుపత్రిలో 1929వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీని, ఎనుబదియైదేండ్ల ప్రాయమున గన్నుమూసెను.

లోకము ఆలసించి యాయనను గుర్తించెను. 2001లో అమెరికా జాతీయ కల్పకుల కీర్తిమందిరమున ఆయన పేరును జేర్చిరి. 2012లో డెట్రాయిటు నగరమున క్రొత్తగా నెలకొల్పిన పేటెంటు కార్యాలయమునకు ఆయన పేరే పెట్టిరి.

ఇంగ్లీషున శుద్ధమైన, కల్తీలేని వస్తువును అసలైన మెకాయి యని వ్యవహరించుట గలదు. రైల్వేలవారు నకలు సాధనములను ద్రోసివేసి, మెకాయి చేసినదే కావలెనని కోరుటవలన నీ మాట పుట్టెనని పలువురు చెప్పుదురు. కాని 1856లోనే, అనగా మెకాయి బాలుడుగా నుండగనే, దీనిని బోలిన మాట స్కాట్లండున అచ్చులో గానవచ్చుచున్నది. కావున నా మాట యాయనవలననే పుట్టినదని మేము చెప్పజాలము. పుట్టుక యెట్లున్నను, ఆ మాట యాయన పేరితో ముడివడుటయే ఆయన పనియందు జనులకుగల నమ్మకమునకు గుఱుతు.

నూనె చేయు పని

మెకాయి చేతి యనుభవముచేత నెఱిగినదానిని శాస్త్రజ్ఞులు తరువాత లెక్కతో నిరూపించిరి. ఇంగ్లండులో బోషాంప్ టవర్ అను నాయన 1883 ప్రాంతమున బేరింగులను బరీక్షింపుచు, తిరుగు నిరుసు నూనెను దనక్రిందికి లాగుకొని, ఆ నూనెపైననే తేలుచున్నదని కనుగొనెను. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దానికి గణితసూత్రమును వ్రాసెను. అనగా బాగుగా నూనె గలిగిన యంత్రమున లోహము లోహమును దాకనే దాకదు. నడుమ వెండ్రుకకంటె సన్నమైన నూనెపొర యుండును. బరువంతయు నా పొరయే మోయును. ఆ పొర తెగినప్పుడే యంత్రమునకు జబ్బు ప్రారంభమగును.

ఇప్పుడు స్కూటరును జూతము. నిమిషమునకు 5000 చుట్లు తిరుగు నింజను ఒక గంటలో 3 లక్షల చుట్లు తిరుగును. చుట్టుచుట్టునకు పిస్టను సిలిండరు గోడను రాచుచు క్రిందికొకసారి మీదికొకసారి పోవును. నడుమనున్నది ఆ సన్నని పొర మాత్రమే.

ఒక తరము క్రిందటి స్కూటర్లలో, అనగా లాంబ్రెట్టా, వెస్పా, 1972 మొదలు వచ్చిన బజాజ్ చేతక్ మొదలగువానిలో, ఆయిలును పెట్రోలుతో గలిపి పోసెడివారు. అవి రెండు ఘాతముల యింజనులు. ఆయిలు పెట్రోలుతోగూడ లోనికిబోయి, తన పనిచేసి, మండి, నీలిపొగగా వెడలిపోవును. ఎద్దులబండి కందెనయు, మెకాయి గిన్నెలోని నూనెయు నిట్టివే. ఒకసారి పనిచేసి పోవును, మరల క్రొత్తది వచ్చును. ఇట్టి యింజనునకు ఆయిలు పోయుటయేగాని మార్చుట లేదు. గేరుపెట్టెలోని ఆయిలును మాత్రము వేఱుగా మార్చవలసి యుండెను.

నేటి పెట్రోలు స్కూటర్లు నాలుగు ఘాతములవి. వీనియందు లీటరునకు దక్కువగా ఆయిలు ఇంజను అడుగున నిలువయుండును. పంపు దానిని మీదికి బంపును. అది భాగములను దడిపి మరల నడుగునకు జారును. మెకాయి కోరినట్లే యంత్రము తనకు దానే నూనె పోసికొనుచున్నది. కాని యొక భేదము గలదు. ఆయన గిన్నెలోనిది ప్రతిసారి క్రొత్త నూనె. స్కూటరులోనిది తిరిగి తిరిగి వచ్చు పాత నూనెయే. మలినము వెలికి బోవుటకు దారి లేదు. నూనె పోసికొనుట యంత్రమునకు వచ్చును, నూనె మార్చుకొనుట రాదు. ఆ పని మనిషిదే.

మొదటిసారి యెప్పుడు?

క్రొత్తయింజనులో భాగములు కన్నులకు నున్నగా గానవచ్చినను, సూక్ష్మముగా జూచినచో గఱుకుదనము గలిగియుండును. మొదటి కొన్నివందల కిలోమీటర్లలో పిస్టను రింగులు సిలిండరు గోడతోను, గేరుపళ్లు గేరుపళ్లతోను రాచుకొని యొదుగును. అట్లు రాలిన లోహపు నలుసులు ఆయిలులో గలియును. తయారీలో మిగిలిన రజనును అందు జేరును. ఇంజనులోని జల్లెడ ముతకనలుసులను బట్టునుగాని సన్నవానిని బట్టలేదు. అవి ఆయిలుతోపాటు తిరుగుచు, సానరాతిపొడివలె భాగములను గోకును. అందుచేతనే క్రొత్తబండి ఆయిలును పాతబండి ఆయిలుకంటె ముందుగా మార్చవలయును. బండి క్రొత్తది గదా యని యుపేక్షించుట తలక్రిందులైన యాలోచన. క్రొత్తది గనుకనే తొందర.

సాధారణముగా కంపెనీలవారు మొదటి మార్పును 500 మొదలు 1000 కిలోమీటర్లలోపల గాని, కొన్న నెల రోజులకు గాని చేయించుమని చెప్పుదురు. రెంటిలో నేది ముందు వచ్చిన నదియే గడువు. తమ బండితో వచ్చిన పుస్తకమున నెట్లున్నదో దానినే యనుసరింపవలెను. పిదపటి మార్పులు బండినిబట్టి 3000 మొదలు 6000 కిలోమీటర్ల కొకసారి వచ్చును. అంతదూరము నడువకున్నను ఏడాదికొకసారి మార్చుట మేలు.

గడువులో కిలోమీటర్లును దినములును రెండును ఏల చెప్పిరో యొక లెక్కచేత దెలియగలదు. హిందూపురమునుండి పెనుకొండకు దగ్గఱదగ్గఱ 40 కిలోమీటర్లు. దినమును పోయివచ్చు ఉపాధ్యాయుడు 80 కిలోమీటర్లు నడపును. ఆయన బండికి 1000 కిలోమీటర్లు రెండు వారములలోపలనే నిండును. నెలవఱకు ఆగినచో గడువు దాటిపోవును. ధర్మవరపు సందులలో దినమునకు 5 కిలోమీటర్లు మాత్రమే తిరుగు వారికి 1000 నిండుటకు 200 దినములు పట్టును. వారు కిలోమీటర్లకై యాగరాదు. ఏలయన కొద్దిదూరపు ప్రయాణములలో ఇంజను చక్కగా వేడెక్కదు. మండుటవలన బుట్టిన నీటియావిరియు, మండని పెట్రోలును ఆయిలులో జేరి, దానిని పలుచబఱచి చెఱచును. తక్కువ తిరిగిన బండి ఆయిలు చెడదని తలంచుట పొరపాటు.

మొదటి సర్వీసునకు కూలి యుచితమైనను ఆయిలు వెల చెల్లింపవలసి వచ్చునని కొందఱు మానివేయుదురు. ఆ మిగులు కొన్నివందల రూపాయలు మాత్రమే. నూనెపొర తెగి యింజను సీజయినచో, సిలిండరు బోరు పనియు, పిస్టను, రింగులును కలసి వేలరూపాయలగును. అంతకన్న మిన్నగా, బండి షెడ్డులో నిలిచిన వారము దినములు ఆ యింటి జీవనము నిలుచును. పట్టుచీరల మూట కదలదు, బెల్లపు బేరము తప్పిపోవును.

పాటింపదగిన కొన్ని సంగతులను ఇచ్చట జేర్చుచున్నాము. మొదటి 1000 కిలోమీటర్లలో బండిని పూర్తివేగముతో నడుపరాదు, మితిమీఱిన బరువును వేయరాదు. ఆయిలు మట్టమును బరీక్షించునపుడు సమతలమున నడిమిస్టాండు వేసి, ఇంజనును కొంతసేపు నడిపి ఆపి, రెండుమూడు నిమిషము లాగిన పిదప కొలకడ్డీని దుడిచి ముంచి చూడవలెను. మట్టము రెండు గీతల నడుమ నుండవలెను. తక్కువ యెంత చెఱుపో ఎక్కువయు నంత చెఱుపే. ఇంజను గోరువెచ్చగా నున్నప్పుడు పాత ఆయిలును దింపినచో మలినముతోగూడ జారును. 10డబ్ల్యు-30 మొదలగు నంకెలు ఆయిలు చిక్కదనమును దెలుపును. పుస్తకమున జెప్పిన యంకెగల దానినే మూత విప్పని సీసాలో కొని, తమ కన్నులయెదుట పోయించుకొనవలెను. వెనుకచక్రమువద్ద గేర్లకు వేఱుగా కొద్దిపాటి ఆయిలు గలదు, దానిని మఱవరాదు. దింపిన ఆయిలును మురుగుకాలువలో బోయక మెకానిక్కు పీపాలో బోయింపవలెను. అది చెఱువును జేరినచో నీటిని పాడుచేయును.

మెకానిక్కు షెడ్డులో చేతులు నల్లగా జేసికొని పనిచేయు మనుష్యులను జూచి ముక్కు మూసికొను చదువరులు లేకపోలేదు. పెనుకొండచెంత ఎఱ్ఱమంచిలో 2019 మొదలు కార్ల కర్మాగారము నడచుచున్నది. అచట నింజనీర్లు కావలెనని మన బాలురును బాలికలును కోరుదురు, కోరవలసినదే. కాని యింజనీరు విద్యయు నూనెడబ్బాయు వేఱువేఱు లోకములు గావు. ఎడింబరోలో జదివిన మెకాయికి లోకము నూనెడబ్బా నిచ్చెను. ఆయన దానిని దించక, దానిలోని లోపమును జూచి, లోకమునకు మేలైన సాధనమును దిరిగి యిచ్చెను. షెడ్డులో బండిక్రింద వంగిన యన్నను గౌరవముతో బిలిచి, ఆయన చేయు పనిని ప్రక్కన నిలిచి చూచి, ఏల చేయుచున్నాడో యడిగి తెలిసికొను బాలుడు ఆ మహనీయుని మార్గమున మొదటి యడుగు వేసినవాడగును. ఇంటిలో క్రొత్తబండి యున్నవారు నేడే యంకెల పలకను జూచి, ఎన్ని కిలోమీటర్లు నడచినదో పెద్దలకు జెప్పుదురుగాక.